ఉద్వాసన చెప్పని చక్రం

పటమటలో ఆ సందు వాళ్ళకి మధ్యాహ్నం కునుకంటే రామ్మూర్తి షెడ్డులోంచి వచ్చే బెల్టు చప్పుడే. తోలు బెల్టుకి ఒకచోట అతుకుండేది. ఆ అతుకు పుల్లీ మీదుగా దాటినప్పుడల్లా టప్పుమనేది. తిరిగొచ్చి మళ్ళీ టప్పుమనేది. పసిపిల్లని జోకొట్టే చెయ్యిలా, తొందరపడకుండా, తప్పిపోకుండా. హైమవతి వంటిల్లు సర్దుకుని వసారాలో చాప వాల్చుకుంటే ఆ చప్పుడులోనే కళ్ళు మూతలు పడేవి. విచిత్రమేమిటంటే చప్పుడుకి నిద్ర పట్టేది, చప్పుడాగితే మెలకువ వచ్చేది. మిషన్ ఆగిందంటే ఆయన కాఫీకి వస్తున్నాడన్నమాట.

ఆ చప్పుడు ఆగిపోయాక ఇది రెండో వేసవి.

కార్తీకమాసంలో ఒక ఉదయం రామ్మూర్తికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడుస్తాడు. మాట పోయిందనడానికి లేదు. మాటలన్నీ ఉన్నాయి, వాటి చోట్లే తారుమారయ్యాయి. కాఫీని ‘లాకు’ అంటాడు. చెప్పుల్ని ‘ఏలూరు’ అంటాడు. భార్యని ‘బందరు’ అని పిలుస్తాడు. హైమవతి పుట్టిల్లు బందరే కాబట్టి అది మరీ అంత తప్పేమీ కాదులే అని ఆమె సరిపెట్టుకుంది. ఒక మేలేమిటంటే, తప్పు పేరైనా ఎప్పుడూ అదే తప్పు. కొత్త కోడలు అత్తింటి వాడుక నేర్చుకున్నట్టు ఆమె ఆ పేర్లన్నీ మెల్లగా నేర్చుకుంది.

పూజ దగ్గర మాత్రం ఆయన్ని నోరు విప్పమనేది కాదు. పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తనే స్తోత్రం చదివి, తనే హారతిచ్చి, పళ్ళెం ఆయన ఎడమ చేతి దగ్గరికి తీసుకెళ్ళేది. అమ్మవారి పేరు కూడా ఆయన నోట్లో తారుమారైతే విని తట్టుకునే ధైర్యం తనకి లేదు.

పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డులో ఇనప కడ్డీల్ని తిప్పుతూ చెక్కే ఆ లేతు మిషన్. విలాయతీది. కూచిపూడి అవతల మూతపడ్డ రైసుమిల్లులోంచి వయసులో ఉన్నప్పుడు కొనుక్కొచ్చాడు. అప్పటికే అది ఆయనకన్నా పెద్దది. దాని ఒంటి మీద పోతపోసిన అక్షరాలు అరిగిపోయి గుడి రాతి మీద శాసనంలా ఉండేవి. మొదట వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో కొట్టు పెట్టి, తర్వాత ఇంటి పెరట్లోనే ఈ షెడ్డు వేసుకుని ఇక్కడికి చేర్చాడు. ఇప్పుడు నిరుటి వానలకి రేకుల్లోంచి కారిన నీళ్ళు దాని పట్టాల మీద ఎర్రటి చారలు గీశాయి. రామ్మూర్తి రోజూ మధ్యాహ్నం కుర్చీ షెడ్డు వైపు తిప్పించుకుని ఆ ఎరుపుని చూస్తూ కూర్చునేవాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉండి లేని కడ్డీనేదో తిప్పుతున్నట్టు కదిలేది.

చూడగా చూడగా హైమవతికి ఒకటి అనిపించింది. మిషన్ ఎలాగూ పోయేదే. కానీ ఆయన కళ్ళముందు కుళ్ళిపోవడం కన్నా ఎవరి చేతిలోనన్నా తిరుగుతూ ఉంటే బాగుంటుంది. అలా అనుకుని నలుగురికీ చెప్పింది. ముందుగా వచ్చింది మాత్రం తిప్పేవాడు కాదు, పగలగొట్టేవాడు. వన్ టౌన్‌లో పాత ఇనుము వ్యాపారం చేసే వెంకటసుబ్బారావు వచ్చి, చిన్న సుత్తితో మిషన్‌ని అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. సన్నెకల్లు తట్టినట్టు తట్టి, మంచి పోత అని మెచ్చుకున్నాడు.

“ఇది ఇప్పుడు ఎవరికి పనికొచ్చుద్ది చెల్లెమ్మా. ముసలి ఏనుగు. ఉన్నదున్నట్టు లారీ ఎక్కదు, ముక్కలు చెయ్యాల్సిందే. సోమవారం మనుషుల్ని తెస్తా” అన్నాడు.

ఆ మాట వసారాలోకి వినబడింది. రామ్మూర్తి ఎడమ కాలితో నేలని తన్ని, కుర్చీని కొంచెం కొంచెంగా గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా రెండు ముద్దలు తిని పెదవులు బిగించాడు. పక్షవాతం వచ్చినప్పుడు కూడా హైమవతికి అంత భయం వెయ్యలేదు. అప్పుడు ఆయన ఉండాలనుకున్నాడు. ఇప్పుడు అలా కనపడలేదు.

గురువారం సాయంత్రం అలీ వచ్చాడు.

అలీ ఆటోనగర్‌లో ఎవరిదో కొట్లో లేతు మీద పనిచేసే టర్నరు. నలభై దాటినవాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు, చొక్కా జేబులో చిన్న స్కేలు. గుమ్మంలో చెప్పులు విడిచి, రామ్మూర్తి కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, కుశలం అడిగి, ఆ తర్వాతే షెడ్డు వైపు చూశాడు. ఇన్నేళ్ళూ పరాయి మిషన్ మీద పని చేశానని, తనకంటూ ఒకటి ఉండాలని బీబీజాన్ పోరుతోందని హైమవతితో చెప్పుకున్నాడు. బీబీజాన్ అంటే అతని భార్య. మిషన్ నడుం గట్టిగా ఉంటే తుప్పు లెక్క కాదన్నాడు.

“కానీ అమ్మగారూ, సామానంతా ఉండాలండి. సామాన్లేని లేతు గిన్నెల్లేని వంటిల్లు. పొయ్యి ఎంత గొప్పదైతే ఏం జేస్తాం.”

సామాను ఒక పెద్ద టేకు పెట్టెలో ఉంది. పాత పంచె గుడ్డలకి నూనె పట్టించి, ఒక్కొక్క వస్తువునీ అందులో చుట్టి పెట్టుకున్నాడు రామ్మూర్తి. అలీ ఆ పెట్టెని వసారాలోకి లాక్కొచ్చి, గోనెసంచి పరిచి, ఒక్కో మూటా విప్పసాగాడు. పాత నూనె వాసన ఇల్లంతా లేచింది. గోడ వైపు తిరిగి ఉన్న కుర్చీ కిర్రుమంది. హైమవతి ఆ కిర్రు విని అటు చూసింది.

అలీకి చాలామటుకు తెలిసినవే. ఉన్నవీ లేనివీ చూసుకోవడానికి వేరుగా పేరుస్తున్నాడు. కడ్డీని నాలుగు దవడలతో పట్టుకునే చక్ తీసి ఎత్తి చూపిస్తే, రామ్మూర్తి కుర్చీ ఇటు తిప్పుకుని ఎంతో గౌరవంగా, “గోంగూర” అన్నాడు.

అలీ హైమవతి ముఖం చూశాడు. ఆమె సంగతి చెప్పింది. అలీ నవ్వలేదు. చక్‌ని గోనె మీద పెట్టి, “సరే మేస్త్రీ గారూ, గోంగూర ఉంది” అన్నాడు.

అట్లా సాగింది ఆ సాయంత్రం. పొడుగాటి కడ్డీ ఊగిపోకుండా నడిమధ్య పట్టుకునే మూడు వేళ్ళ చట్రం వచ్చింది, దాని పేరు ‘వియ్యంకుడు’. వంకర తోక ఉన్న బరువైన ఇనప ఉంగరం వచ్చింది. అలీ దాన్ని అటూ ఇటూ తిప్పి, తాను వాడేవాటికన్నా మరీ పెద్దదిగా ఉందే అనుకుంటుండగా, రామ్మూర్తి దాన్ని అందుకుని తన చచ్చుబడిన కుడి మణికట్టుకి తొడుక్కున్నాడు. ఎడమ చేత్తో ఆ తోకని నెట్టాడు. ఏడాదిన్నరగా తనంతట తాను కదలని చెయ్యి మెల్లగా తిరిగింది. కడ్డీని ఇలా పట్టుకుని తిప్పుతుంది అని చెప్పడం. హైమవతి చూడలేక లోపలికి వెళ్ళబోయి, చూడకుండా ఉండలేక ఆగిపోయింది.

ఆఖర్న ఒక చిన్న వస్తువు మిగిలింది. రెండు వేళ్ళున్న ఇనప చెయ్యిలా ఉంది. కొత్త మిషన్ల మీద అలాంటి పని పడక అలీ దాన్ని ఎన్నడూ వాడలేదు. ఏమిటిది మేస్త్రీ గారూ అని అడిగాడు. రామ్మూర్తి అలీ జేబులోంచి పెన్సిలు తీయించి, అడ్డంగా పట్టుకోమని, దాని వెనక తన రెండు వేళ్ళూ ఆనించి, పెన్సిలు పొడుగునా మెల్లగా జరిపాడు. అలీ ముఖం వెలిగింది. సన్నటి కడ్డీని ముందునుంచి టూలు కోస్తుంటే, కడ్డీ ఆ తోపుకి వంగిపోకుండా వెనక నుంచి ఆనుకుని ఇది దాని వెంటే నడుస్తుందన్నమాట.

“దీని పేరేందండీ?”

“బందరు” అన్నాడు రామ్మూర్తి.

“బందరంటే ఏంటమ్మగారూ?”

“ఏమో నాయనా, నాకేం తెలుసు” అని హైమవతి మంచినీళ్ళ వంకన లోపలికి వెళ్ళింది. వంటింట్లో గ్లాసు పట్టుకుని కాసేపు ఊరికే నిలబడింది.

తిరిగొచ్చేసరికి అలీ ముఖం మారి ఉంది. గోనె మీద పళ్ళచక్రాలు చిన్నదాని పక్కన పెద్దదిగా వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీదా పళ్ళ లెక్క చెక్కి ఉంది. వరసంతా చూసి అలీ తల అడ్డంగా ఊపాడు. ఒక పెద్ద చక్రం లేదు. నూట ఇరవై ఏడు పళ్ళది, కంచమంత ఉంటుంది. ఆమెకి అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఈ మిషన్ అంగుళాల కాలం నాటిది, దీని నడకంతా అంగుళాల్లోనే ఉంటుంది. దీని మీద మిల్లీమీటర్ల మరలు కొయ్యాలంటే మధ్యలో ఆ చక్రం ఉండాలి. అంగుళానికీ మిల్లీమీటరుకీ అది దుబాసీ. ఇవాళ లారీలు, ట్రాక్టర్లు, మోటార్లు అన్నీ మిల్లీమీటర్లే. అది లేకపోతే ఈ మిషన్ తనకి అన్నం పెట్టదు. కొత్తది చేయించాలంటే కోయంబత్తూరు పంపాలి. ఆ తాహతు తనకి లేదు.

“మేస్త్రీ గారూ, పెద్ద చక్రం ఎక్కడుందండీ?” అని చేతులతో కంచమంత సున్నా చుట్టి చూపించాడు.

రామ్మూర్తి ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. నుదుటి దాకా వెళ్ళి ఆగింది. అలీ గబుక్కున లేచి తను కూడా చెయ్యి నుదుటికి తీసుకెళ్ళి సలాం చేశాడు. రామ్మూర్తి తల ఊపి మళ్ళీ చెయ్యెత్తాడు. అలీ మళ్ళీ సలాం చేశాడు. ఇక వెళ్ళి రమ్మంటున్నారనుకున్నాడు. కళ్ళు కొద్దిగా తడిశాయి. ఆటోనగర్‌లోనూ వన్ టౌన్‌లోనూ వాకబు చేసి శనివారం కనపడతానని, దొరక్కపోతే తనని మన్నించమని చెప్పి, వస్తువులన్నీ మళ్ళీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టి వెళ్ళాడు.

రామ్మూర్తి ఆ చెయ్యి అలాగే నుదుటి దగ్గర ఉంచుకుని కూర్చున్నాడు, చాలాసేపు. ‘ఇంక దించండి, వెళ్ళిపోయాడు’ అని హైమవతే పట్టి దించింది.

మర్నాడు శుక్రవారం. తలంటుకుని, అమ్మవారికి కుంకుమ పూజ చేసి, పరమాన్నం నైవేద్యం పెట్టింది. ఆ పరమాన్నమైనా తింటాడేమోనని ఆశ. తినలేదు. మధ్యాహ్నం చాప వాల్చుకుంది. ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ కరెంటు పోయి ఆగింది. ఆ ఆగిన నిశ్శబ్దంలో ఆమెకి దూరంనుంచి టప్పుమని వినపడింది.

మళ్ళీ టప్పుమంది. ఆమె లేచి కూర్చుందో, కూర్చున్నట్టు కలగన్నదో. దేవుడి గది తలుపు తీసే ఉంది. అమ్మవారు మెల్లగా తిరుగుతోంది. ఇత్తడి విగ్రహం, జానెడు ఎత్తు, ఎప్పుడూ తూర్పు చూసే తల్లి. ఇప్పుడు దక్షిణం చూసింది, పడమర చూసింది. టప్. టప్. హైమవతి వైపు వీపు తిరిగింది. వీపు మీద జడ ఉందని ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ చూడలేదు, పాపిడి తీసి నున్నగా అల్లిన జడ. అమ్మవారు తిరుగుతూనే ఉంది, ఎవరో తిప్పుతున్నట్టు కాదు, తిరగాలని చాలాకాలంగా ఉండి ఇప్పుడు తిరుగుతున్నట్టు. చుట్టూ పసుపు రాలుతోంది. అమ్మా ఇటు చూడు అని పిలవబోతే నోట్లోంచి ‘గోంగూర’ అని వచ్చింది. ఉలిక్కిపడి లేచింది.

లేచి నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళింది. అమ్మవారు ఎప్పటిలా తూర్పే చూస్తోంది. కింద పీఠం మీద గంధం, కుంకుమ, పొద్దుటి మందారాలు. హైమవతికి ఎందుకో జడ ఉందో లేదో చూడాలనిపించింది. వంగి, విగ్రహం వెనక్కి చెయ్యి పోనిచ్చింది. అంతలో చీర కొంగు తగిలి పీఠానికి చుట్టిన రవికెగుడ్డ అంచు తొలగింది.

ఏటా శ్రావణ శుక్రవారం అమ్మవారిని కదపకుండా ఆ పీఠం చుట్టూ కొత్త రవికెగుడ్డ చుట్టడం ఆ ఇంటి వాడుక. పాతది తియ్యరు, దాని మీదే కొత్తది. ఆమె ఒక్కొక్క పొరా విప్పుతూ పోయింది. నిరుడు పెట్టిన ఆకుపచ్చది. ఆయన చెయ్యి పడిపోకముందు పెట్టిన పసుపుది. కూతురు అపూర్వ పెళ్ళి ఏటిది. అపూర్వ పుట్టిన ఏటి చిలకపచ్చది, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. చివరి పొర కింద వేలికి గరుగ్గా తగిలింది. పన్ను. పన్ను పక్కన పన్ను. పసుపూ గంధమూ గట్టిపడి సందులన్నీ పూడుకుపోయాయి గానీ, గోటితో గీకితే నల్లటి ఇనుము చల్లగా బయటపడింది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే మరిచిపోయిందని కాదు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

వన్ టౌన్‌లో కొట్టు ఉన్న రోజులు. దసరాకి ఆయుధ పూజ ఇంట్లోనే చేసేవాళ్ళు. మిషన్ మొత్తం ఇంటికి రాదు కాబట్టి దాని పేరున ఒక చక్రాన్ని రామ్మూర్తి తీసుకొచ్చేవాడు. ఎక్కువ వాడకం లేనిదైతే కొట్లో పని ఆగదని ఆ పెద్ద చక్రాన్నే తెచ్చేవాడు. నవమి నాడు అత్తగారు మణెమ్మ దాన్ని కడిగి పసుపు రాసి, అమ్మవారిని దాని మీద ఎక్కించి పూజ చేయించేది. దశమి పొద్దున్న ఉద్వాసన చెప్పి, అమ్మవారిని దించి, చక్రం కొట్టుకి తీసుకెళ్ళిపోవడం మామూలు. ఆ ఏడు దశమి తెల్లవారకముందే మామగారు పోయారు. ఇంటికి మైల వచ్చింది. మైలలో అమ్మవారిని ముట్టుకోకూడదు. దేవుడి గది తలుపు మూసేశారు. శుద్ధి అయ్యాక తలుపు తీస్తే, వాడిన పూల మధ్య అమ్మవారు చక్రం మీద అలాగే ఉంది. మణెమ్మ విగ్రహాన్ని కూర్చున్న చోటే తడిగుడ్డతో తుడిచి, దీపం పెట్టి, ఆ తల్లి అక్కడే కూర్చుంది, ఉండనివ్వండి అంది. అంతే. ఆ నవమి నాటి పూజ ఇంకా ముగియనేలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది ఆమెకి. ఊళ్ళో ఆయన్ని అంగుళాల రామ్మూర్తి అనేవాళ్ళు. ఎవరన్నా మిల్లీమీటర్ల పని తెస్తే, ‘ఆటోనగర్ వెళ్ళు బాబూ, మనది అంగుళాల కొట్టు’ అని పంపేసేవాడు. కాలవ లాకుల మరలూ, రైసుమిల్లు షాఫ్టులూ, తెల్లవాళ్ళ నాటి ఇంజన్లూ ఉన్నంతకాలం గడిచింది. అవి తగ్గాక పని తగ్గింది. మొండివాడన్నారు. పొగరన్నారు. ఒకప్పుడు తనూ అంది.

హైమవతి పీఠం ముందు చతికిలబడింది. ఇన్నేళ్ళు పూజ చేశాను, అయినా ఆయన చెయ్యెందుకు పడిపోయిందమ్మా అని ఏనాడూ అడగలేదు. అడగడం తప్పనుకుంది. ఇవాళ అడగాలనిపించింది గానీ, నోటిదాకా వచ్చేసరికి ప్రశ్న వేరేదయింది. పేరంటానికి వచ్చిన ముత్తయిదువకి బొట్టు పెట్టి తాంబూలమిచ్చి సాగనంపకపోతే, ఆమె పాపం మర్యాదకి ఎంతసేపని కూర్చుంటుంది? నువ్వు మా ఇంట్లో ఉండాలని ఉన్నావా, లేకపోతే వెళ్ళిరమ్మనేవాళ్ళు లేక ఉన్నావా? అమ్మవారు తూర్పు చూస్తూనే ఉంది.

భయం కూడా వేసింది. కదిపితే ఏమవుతుందో. ఉన్న కాస్త మనిషీ దక్కకుండా పోతే? కదపకపోతే సోమవారం సుత్తులు వస్తాయి. ఆయన తినడం పూర్తిగా మానేస్తాడు. ఎటు చూసినా ఆయనే.

రవికెగుడ్డలన్నీ ఒళ్ళో వేసుకుని వసారాలోకి వెళ్ళింది. రామ్మూర్తి మెలకువగానే ఉన్నాడు.

“ఏవండీ, చక్రం అమ్మవారి కింద ఉంది” అంది.

ఆయన ఎడమ చెయ్యి లేచి నుదుటికి తాకింది. ఆ చెయ్యి పక్కన రావలసిన రెండో చెయ్యి ఒళ్ళో పడి ఉంది. హైమవతి ఆ కుడి చేతిని ఎత్తి ఎడమ చేతి పక్కన చేర్చింది. అప్పుడది నమస్కారమయింది.

“పాపం ఆ అలీ సలాం అనుకున్నాడు” అంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. “అందుకేనా మిల్లీమీటర్ల పని వద్దన్నారు? నోరున్నప్పుడు ఒక్కమాట చెప్పొచ్చుగా. మా అత్తగారేమన్నా అనుకుంటుందనా? నేను అనుకుంటాననా?”

రామ్మూర్తి సగం ముఖంతో నవ్వాడు. తప్పు చేసి దొరికిపోయినవాడి నవ్వు కాదు. ఒకరికి కూర్చోవడానికి చోటిచ్చి, తను నిలబడి ప్రయాణం చేసినవాడి నవ్వు.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం నాడు అమ్మవారిని కదపరు. ఒక్క రాత్రి వ్యవధి దొరికినందుకు హైమవతి లోలోపల సంతోషించింది.

శనివారం పొద్దున్న అలీ ఒట్టి చేతులతో వచ్చాడు. ఎక్కడా దొరకలేదని చెప్పబోతుంటే, కాసేపు వసారాలో కూర్చోమంది. స్నానం చేయించి, మడిపంచె కట్టి, రామ్మూర్తిని దేవుడి గదిలో పీట మీద గోడకానించి కూర్చోబెట్టింది. పూజ మొదలుపెట్టినవాడే ముగించాలి. ఆయన చెయ్యి తను పట్టుకుంటుంది, మాటలు తను చెబుతుంది, ఆయన మనసులో అనుకుంటే చాలు, అలా అనుకుంది. హారతిచ్చి, అమ్మవారికి బొట్టు పెట్టి, తాంబూలం ముందుంచింది. ఆయన ఎడమ చేతిలో అక్షతలు పోసింది. ఉద్వాసన మంత్రం వినాయకచవితికి ఆయన చెబుతుంటే వినడమే గాని తనెప్పుడూ చెప్పలేదు. తడుముకుంటూ, “యథా...” అని ఆగింది.

“యథాస్థానం ప్రవేశయామి” అన్నాడు రామ్మూర్తి.

హైమవతి కదల్లేదు. కదిలితే ఆగిపోతుందేమోనని.

“శోభనార్థే పునరాగమనాయ చ.”

ఒక్క అక్షరం చోటు తప్పలేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న స్వరంలోనే, అదే విరుపుతో. నీ చోటికి నువ్వు వెళ్ళు తల్లీ, శుభానికి మళ్ళీ రా. అక్షతలు వేసి, ఎడమ చేత్తో పీఠాన్ని కొద్దిగా ఈశాన్యంగా జరిపాడు. ఏళ్ళ తరబడి అంటుకున్న పసుపు చిన్నగా చిట్లిన చప్పుడయింది. హైమవతి అమ్మవారిని రెండు చేతులతో ఎత్తి కొత్త పీట మీద కూర్చోబెట్టింది. తల్లి బరువు తగ్గినట్టనిపించింది. వెనక తడిమి చూసింది. జడ ఉంది, అచ్చం కలలో చూసినట్టే.

కాఫీ తేనా అని అడిగితే ఆయన “లాకు” అన్నాడు. తెచ్చింది. తాగాడు.

చక్రాన్ని చిలకపచ్చ రవికెగుడ్డలో పెట్టి వసారాలోకి తెస్తే అలీ లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు.

“పూజలోది గదమ్మా. నేను పట్టుకోవచ్చా?”

“నువ్వు పట్టుకోకపోతే ఎట్లా తిరుగుద్ది నాయనా.”

అలీ దాన్ని గుడ్డతో సహా అందుకున్నాడు. కిరసనాయిలులో నానబెట్టి కడిగాడు. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. నూట ఇరవై ఏడు అంకె బయటపడింది. పళ్ళ మొదళ్ళలో ఉన్నది మాత్రం ఎంత తోమినా పోలేదు. పోదులే అని వదిలేశాడు. మధ్యాహ్నం దాకా మిషన్ పట్టాలు రుద్ది, నూనె పోసి, బెల్టు బిగించి, చక్రాల వరసలో పెద్ద చక్రాన్ని దాని చోట ఎక్కించాడు. రామ్మూర్తి కుర్చీని షెడ్డులోకే తెచ్చారు. అలీ పెదవుల మీద బిస్మిల్లా అనుకుని స్విచ్చి వేశాడు.

టప్.

హైమవతి గుమ్మం పట్టుకుంది. సందులో ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

కడ్డీ మీద టూలు ఒక సన్నటి గీత గీసుకుంటూ నడిచింది. చివరికి వచ్చాక అలీ చెయ్యి ఒక మీట వైపు వెళ్ళింది. రామ్మూర్తి ఎడమ పిడికిలితో కుర్చీ చేతిని టకటకా కొట్టాడు. అలీకి తెలుసు, ఈ చక్రం వేసినప్పుడు ఆ మీట ఎత్తకూడదు, మిషన్‌ని వెనక్కి తిప్పి టూలుని బయలుదేరిన చోటికే తెచ్చుకోవాలి. అయినా చెయ్యి వెనక్కి తీసుకుని, “అట్టాగే మేస్త్రీ గారూ” అన్నాడు. మిషన్ వెళ్ళింది, తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగొచ్చింది. పెద్ద చక్రం పళ్ళల్లోంచి నూనె పసుపుపచ్చగా బొట్లు బొట్లుగా కారింది. తుప్పు చారల మీద పడి జారింది.

అలీ కడ్డీ విప్పి తుడిచి, జేబులోంచి లారీ బోల్టుకి వాడే కొత్త నట్టు తీసి ఆ మరల మీద పెట్టి, రామ్మూర్తి ఎడమ చేతి దగ్గర పట్టుకున్నాడు. ఆయన చూపుడు వేలితో నట్టుని ఒక్కసారి తోశాడు. అది తిరుగుతూ తిరుగుతూ, ఎక్కడా పట్టకుండా, తన బరువుకి తనే కడ్డీ పొడుగునా దిగిపోయింది.

సోమవారం పొద్దున్నే ట్రాలీ తీసుకొస్తానని, వెంకటసుబ్బారావు గారికి తనే కబురు పెడతానని అలీ అన్నాడు. ఇంకా రెండు మూడు కడ్డీలు కోసి చూసుకుంటానన్నాడు. అందులో సన్నటిది ఒకటి తీసి, “అమ్మగారూ, ఆ పెట్టెలోంచి బందరు ఇటియ్యండి” అని చెయ్యి చాపాడు. హైమవతి రెండు వేళ్ళ ఆ చిన్న వస్తువుని గుడ్డ విప్పి అందించింది.

రామ్మూర్తికి పెరుగన్నం కలిపి తెచ్చింది. గిన్నె ఖాళీ అయింది. కుర్చీలోనే తల వాల్చాడు, ఒళ్ళో ఎడమ చెయ్యి కదలకుండా ఉంది. ఎల్లుండి నుంచి ఈ చప్పుడు ఆటోనగర్‌లో ఎవరి మధ్యాహ్నాన్నో జోకొడుతుంది. ఇంకొన్ని నెలల్లో దసరా వస్తుంది. దసరాకి ఒక్క చక్రం తేగలవా అని అలీని అడగాలనుకుంది. ఒక్క పూటకే, దశమి పొద్దున్నే పంపించేస్తాను. బీబీజాన్‌ని కూడా తీసుకురమ్మనాలి. అడుగుదామని వసారాలో చాప వాల్చుకుని, మిషన్ ఆగేదాకా ఉందామని కూర్చుంది. అది ఆగలేదు. వెళ్తోంది, తిరిగొస్తోంది. ఎప్పుడు పడుకుందో ఆమెకే తెలియదు.